మంగళవారం, పదింటికి

ఎస్బియర్ రేవు వెనక వ్యాయామశాలలో
గోడకు వీపు ఆనించి తొమ్మిది కుర్చీలు.
కూర్చోవడం మొదటి పాఠం.
లేవడం రెండోది,
చేతులు రెండూ గుండె మీద కట్టుకుని
దేన్నీ పట్టుకోకుండా.

సిగ్నేకి ఇరవై ఆరేళ్ళు.
ఆమె మోకాళ్ళు చప్పుడు చెయ్యవు.
మావి చేస్తాయి, ఎండురొట్టె విరిచినట్టు,
తొమ్మిది మందివీ, ఒకేసారి కాదు.

నేను విబెకెని.
ముప్పయ్యొక్కేళ్ళు చేపల షెడ్డులో
తడి సిమెంటు మీద నిలబడ్డదాన్ని.
డాక్టరు ఎక్స్‌రే చూపించి
"అరిగిపోయింది" అన్నాడు.
ఆ ఒక్క మాటతో
నా కుడికాలిని గాజుకూజాలా మోసుకు తిరిగాను
రెండేళ్ళు.

అరిగేది సబ్బు, అంటుంది సిగ్నే.
కీలు లోపలిది స్పాంజిలాంటిది,
నొక్కితేనే తాగుతుంది, వదిలితేనే పీలుస్తుంది.
దాహం వేసిన మోకాలిని
మంచమ్మీద పడుకోబెట్టి ఏం లాభం?

ఇంకా అంటుంది:
నిద్రపట్టని రాత్రికీ నొప్పికీ చుట్టరికం ఉందని,
బెంగకీ, బరువుకీ, ఒంటరిగా తినే అన్నానికీ కూడా.
బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటారే,
ఆ ముడి నిజంగానే ఉందన్నమాట.
బోడిగుండు ఆస్గర్ తల తడుముకుని నవ్వాడు.

నా నోటుబుక్కులో సున్నా నుంచి పది దాకా ఒక గీత.
అయిదు దాటకపోతే పరవాలేదు,
రేపు పొద్దుటికి సద్దుమణిగితే ఇంకా పరవాలేదు.
బుధవారం: నాలుగు. కుక్కతో సముద్రం దాకా. ఎదురుగాలి.
గురువారం: ఆరు. కిటికీలు తుడిచాను, బుద్ధిలేక.
శుక్రవారం: మూడు. కారణం తెలీదు.

ఆస్గర్ నేలలు పరిచేవాడు.
తివాచీని గోడదాకా సాగదియ్యడానికి
మోకాలితో తన్నే పనిముట్టు ఒకటుంటుందట.
రోజుకి ఎన్ని తన్నులని అడిగితే
"నేను లెక్కపెట్టలేదు,
అది పెట్టుకుంది" అన్నాడు, మోకాలిని చూపించి.

అయిదో వారం
మెట్టుపెట్టె ఎక్కి దిగుతూ దిగుతూ ఆగిపోయాడు.
కిటికీ దగ్గర లినోలియంలో వెంట్రుకంత అతుకు.
"ఇది నాదే."
ఎనభై ఒకటి, ఫిబ్రవరి, హీటర్లు ఇంకా పెట్టలేదు.
వేలెడు తక్కువ కోసి, ముక్క అతికి,
ఎవరికీ చెప్పలేదట.
పని అయ్యాక మోకాళ్ళ మీదే
వెనక్కీ వెనక్కీ జరుగుతూ
తలుపులోంచి బయటపడ్డాడు.
ఈ నేల మీద ఒక్కసారీ
నిటారుగా నిలబడలేదు.

మేమంతా కాళ్ళకింద చూసుకున్నాం.
నలభై ఏళ్ళు పిల్లలు బంతులాడిన నేల,
ఎక్కడా లేవలేదు.

వంగి చేత్తో తాకలేడు, ఇంకా.
బూటు మొనతో ఆ అతుకుని
ఒకసారి నిమిరాడు.

"ఇంకో రెండు," అంది సిగ్నే.