ఎక్స్‌టెన్షన్ పదకొండు

గ్రిమ్స్‌బీలో పాత చేపల గోదాం మేడ మీద
ఆహార బ్యాంకు ఆఫీసు. మొత్తం పద్నాలుగు ఫోన్లు.
రాత్రి కాపలా నాది,
తెర మీద ఒక పచ్చ గీతకి.

ఈ వారం గీత నిలవడం లేదు.
ఎక్కడివాడో,
నూటొకటి, నూటరెండు, నూటమూడు...
వీధిలో ప్రతి గడియా లాగి చూసేవాడిలా
సెకనుకి నలభైసార్లు తడుతున్నాడు.
గోడ కట్టాను. చిరునామా మార్చుకుని వచ్చాడు.
ఇంకో గోడ.

తెల్లారుజామున చిట్టా తిరగేస్తుంటే
ఆ గోల అడుగున సన్నటి చప్పుడొకటి:
రోజూ రెండూ పదికి, లోపల్నించే,
ఒక్క నిమిషం.
ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
నాకు పావుగంట పట్టింది.

పిలిచిన నంబరు టైము చెప్పే గొంతుది.
పిలిచింది నేల తుడిచే అల్డోనా.
ఎదురుగా గోడ గడియారం ఉందిగా, అన్నాను.
చీపురు ఆపలేదు.
"పగలు ఫోనెత్తే పనికి అర్జీ పెట్టాను.
అంకెలు దాని వెంట పలుకుతాను.
ఈ ఊళ్లో
విసుక్కోని ఇంగ్లీషు అదొక్కటే."

నియమాల పట్టికలో పదిహేడో వరుస:
ఎక్స్‌టెన్షన్ పదకొండు, రెండూ పది, వదిలెయ్యి.
కారణం గడి ఖాళీగా ఉంచాను.

బయటివాడు తడుతూనే ఉన్నాడు,
రెండొందల ఆరు, రెండొందల ఏడు.