పడమటి కిటికీ

చీటీ పాడాను. లక్షా ఎనభై.
బాకీలన్నీ పోగా చేతిలో మిగిలింది
ఒక్క రాత్రికి సరిపోతుందని లెక్క తేలింది.
"ఎక్కడికి?" అన్నారు కోదండపాణి, పేపరు దించకుండా.
హోటలుకి అన్నాను. నేనొక్కదాన్నే అన్నాను.
పేపరు దిగింది.

క్యాలెండరు కాగితం చింపి వెనక రాసుకున్నాను.
మహాబలిపురం దారిలో ఒకటి ఉంది,
పల్లెటూరి అనుభవమట.
ఎడ్లబండి ఎక్కిస్తారట, చాపమీద పడుకోబెడతారట,
గిలకబావిలో నీళ్లు మనమే తోడుకోవచ్చట.
ఇరవై రెండు వేలు, పన్నులు అదనం.
నీళ్ల కరువు రోజుల్లో తెల్లవారుజామున మూడింటికి లేచి
వీధి చివర చేతిపంపు కొట్టినదాన్ని.
ఆ లెక్కన కార్పొరేషను నాకెంత బాకీ?
కొట్టేశాను.

ఏలగిరి కొండమీద ఒక దొరగారి బంగళా.
ఫొటోలో ప్రతి గదిలోనూ జింక తల.
రాత్రి లేచి మంచినీళ్లు తాగుతుంటే
అది చూస్తుంది కదా.

మా తోడికోడలు ఇందుమతి ఫోన్లో పాఠం చెప్పింది:
"తువ్వాళ్లు చూడు అక్కా, మిగతావన్నీ అబద్ధం.
పొద్దున దోసె వేసేవాడు మన ఎదురుగా నిలబడి వెయ్యాలి.
స్నానాల తొట్టి లేకపోతే డబ్బులు దండగ."
తను మూడు చోట్లకి వెళ్లొచ్చింది,
మూడు చోట్లనుంచీ సబ్బులు తెచ్చి బీరువాలో దాచింది,
ఒక్కటీ వాడలేదు.

చివరికి నందనంలో, ఇంటికి మూడు కిలోమీటర్లు,
అద్దాల హోటలు. ఇన్నేళ్లూ బస్సు కిటికీలోంచి
మెడ ఎంత వంచినా పై అంతస్తు అందలేదు.
ఫోన్లో అబ్బాయిని అడిగాను, కిటికీ ఎటు తెరుచుకుంటుందని.
"తెరుచుకోదు మేడమ్, అద్దం.
సముద్రం వైపు కావాలంటే రెండు వేలు ఎక్కువ."
సముద్రం వద్దు నాయనా, పడమర ఏముంది?
కాసేపు ఆగాడు.
"ఏమీ లేదు మేడమ్. ఇళ్లు."
అదే ఇవ్వు అన్నాను.

పదహారో అంతస్తు.
పరుపు మీద కూర్చుంటే లోపలికి లాక్కుంది.
ఒక మనిషికి ఏడు దిండ్లు, ఏ లెక్కో.
తొట్టిలో వేడినీళ్లు పడుతుంటే
వరస కట్టిన బిందెలు గుర్తొచ్చి
సగంలో కట్టేశాను.
మళ్లీ తిప్పాను. ఇవాళ్టికి నిండనీ.

చీకటి పడ్డాక అద్దం దగ్గర నిలబడి
మా ఇల్లు వెతికాను.
నేనే కనపడుతున్నాను, హోటలువాళ్ల తెల్లగౌనులో,
ఆస్పత్రినుంచి తప్పించుకొచ్చినట్టు.
నుదురు ఆనించి చూస్తే అన్నీ డాబాలే,
అన్నిటిమీదా అవే నల్ల ట్యాంకులు.
ముప్పయ్యేళ్లు కాపురమున్న ఇల్లు
పైనుంచి చూస్తే ఏదో తెలియలేదు.

ఫోన్ చేశాను. మేడమీదికెళ్లి లైటు వేసి ఆర్పండి.
"ఇరవై మూడు మెట్లు," అన్నారు. ఎక్కారు.
వగరుస్తూ, "వేశాను. ఆర్పాను. కనపడిందా?"
అన్ని లైట్లలో ఏది వెలిగిందో, ఏది ఆరిందో.
ఆ, కనపడింది అన్నాను.

అప్పుడే పోయింది కరెంటు.
రైలు పట్టాలకవతల మాంబళం మొత్తం
దుప్పటి కప్పేసినట్టు.
"అక్కడా పోయిందా?"
లేదు. ఇక్కడ పోదు.
"సరే, ఏసీ తగ్గించుకో, గొంతు పట్టేస్తుంది."

మంచం పక్కన పది మీటలు.
ఒకటి నొక్కితే కర్టెను నడిచింది,
ఒకటి నొక్కితే ఎక్కడో గంట మోగింది.
ఆఖరిది నొక్కాక గది మొత్తం ఆరిపోయింది.
అద్దంలోంచి నేను పోయాను.
అప్పుడు దొరికింది, దూరంగా,
చీకట్లో ఒక టార్చి చుక్క.
అటు కదిలింది, ఇటు కదిలింది, ఒకచోట ఆగింది.
"నీ ఆకుపచ్చ చీర ఇంకా ఆరలేదు," అంది ఫోను.
ఉండనివ్వండి అన్నాను.
రేపు పదకొండింటికి గది ఖాళీ చెయ్యాలి.
వచ్చి తీస్తాను.