చద్ది కరెంటు

ఉత్తరం ఒక్క పేజీయే.
గ్రిమ్స్‌బీ రేవు, ఆరో నంబరు షెడ్డు.
మీరడిగిన అదనపు నూట డెబ్భై కిలోవాట్లు పరిశీలించాం,
సబ్‌స్టేషన్ పెద్దదయ్యేదాకా కుదరదు.
అంచనా: రెండువేల ముప్పై ఆరు.
కింద ఎవరిదో సంతకం,
సగంలో సిరా ఆగిపోయింది.
అక్కడా సరఫరా తక్కువేమో.

అప్పటికే కొన్న ఫ్రీజరు
ప్లాస్టిక్ ముసుగుతో గోడవార నిలబడింది,
పెళ్ళికి పిలిచి పీట వెయ్యని చుట్టంలా.
హేజెల్ థార్న్‌డైక్ అటు వెళ్తూ
రోజూ ఒకసారి దాన్ని తట్టేది.
దాని అప్పు వాయిదా మాత్రం
ఏ క్యూలోనూ నిలబడకుండా
నెలనెలా ఐదో తారీకున వచ్చి కూర్చునేది.

నేను ఈ షెడ్డు ఎలక్ట్రీషియన్ని.
మెట్ల కిటికీలోంచి సముద్రం మీద గాలిమరలు కనబడతాయి.
ఏరు కళ్ళెదుటే ఉంది,
తూము పిడికెడంత.
కరెంటు లేక కాదు,
అది నడిచొచ్చే దారి లేక.

మార్చిలో లారీ దింపింది దాన్ని.
తెల్లటి పెట్టె, ఓడ మీది కంటైనరంత.
తలుపు తీస్తే అరలు అరలుగా పాతర.
కెస్తూతిస్ ఫోర్క్‌లిఫ్ట్ ఆపి అడిగాడు,
"ఇందులో చేపలెక్కడ పెడతారు?"

రాత్రి పదకొండు దాటాక
రేవు మూలుగు తగ్గుతుంది.
మా వంతు రెండొందల యాభైలో
అరవయ్యో డెబ్భయ్యో తప్ప అడిగేవాళ్ళుండరు.
మిగిలింది పెట్టెలోకి,
గింజ గింజ,
మీటరు గీత దాటకుండా.
తెల్లారి ఐస్‌లాండ్ కాడ్ దిగేసరికి
రాత్రి గాలి వండిపెట్టింది
చద్దిగా వడ్డిస్తాం.
కొత్త ఫ్రీజరు ఊపిరి ఎగబీల్చి
మైనస్ ముప్పై అయిదుకి దిగుతుంది.

చద్దికీ ఓ లెక్కుంది.
దాచినంతా తిరిగి రాదు,
వందకి పది పన్నెండు వేడై పోతుంది.
నవంబరులో ఒక మంగళవారం
రెండు లారీల సరుకు ఒకేసారి పడింది,
మధ్యాహ్నం రెండూ నలభైకి పెట్టె అడుగంటింది.
ఆఫీసు హీటర్లు, మెట్ల దీపాలు,
చివరికి హేజెల్ టీ కెటిల్
నా చేత్తోనే పీకాను.
ఆమె చల్లారిన కప్పు పట్టుకుని
తెర మీది అంకెనే చూస్తూ నిలబడింది.
మూడు శాతం.
చాలాసేపు మూడు శాతం.
తర్వాత రెండు.
చేపలు గడ్డకట్టాయి.
ఎవరం చప్పట్లు కొట్టలేదు.

పక్క షెడ్డు ఆల్విన్ రస్బీది.
చేపలకి పొగబెట్టే పని, మూడు తరాలది.
అతనికీ ఉత్తరం వచ్చింది, అదే సంవత్సరం వేసి.
అతని దగ్గర పెట్టె కొనే డబ్బు లేదు.
"మీ దాంట్లో కాస్త మిగిలితే
ఓ తీగ ఇటు లాగరాదూ," అన్నాడు నవ్వుతూనే.
మా మధ్య సందు పన్నెండడుగులు.
తీగ లాగకూడదు.
అది వేరే మీటరు, వేరే ఒప్పందం,
వేరే ఉత్తరం.

తీగ దాటలేని సందుని
చక్రాలబండి దాటుతుంది.
గురువారాలు అతని హాడక్ మా ఫ్రీజర్లో, కింది అరలో,
నీలం టేపు చుట్టిన పెట్టెల్లో.
అద్దె సంగతి హేజెల్ ఇంకా ఎత్తలేదు.
ఎత్తుతుంది. నాకు తెలుసు.

వరుసలోంచి పక్కకి తప్పుకున్నామా,
వరుస మీంచి దూకామా?
ఆల్విన్ అడగడు.
రాత్రి డ్యూటీలో నేనే అడుక్కుంటాను,
పెట్టె మీద చెయ్యి ఆనించి.
లోపల ఫ్యాన్లు తిరుగుతుంటాయి, జవాబేం చెప్పవు.

లెక్కలో పోయిందన్నానే, ఆ పన్నెండు,
వెనక జాలీలోంచి గోరువెచ్చగా బయటికొస్తుంది.
రేవు పిల్లి ఒకటి దాన్ని కనిపెట్టింది.
చేపల వాసనకి కూడా లేవకుండా
అక్కడే ముడుచుకు పడుకుంటుంది.
అది దరఖాస్తు పెట్టుకోలేదు.