లవం, హారం

"సూది లేదా నీ సంచిల?" అన్నది మొదటి గడప అవ్వ.
లేదవ్వా.
"గోలీలు?"
అవీ లేవు.
"మరి నాగ్‌పూర్‌ల మూడేండ్ల సంది
ఏం సదువుతున్నవే బిడ్డా?"

సంచిలో ఉన్నవి ఇవి:
మరాఠీలో అచ్చయిన ప్రశ్నల కాగితాలు,
దోమ పిల్లల్ని ముంచి తీసే తెల్ల గరిటె,
సగం తిన్న బిస్కెట్ల పొట్లం.
ప్రజారోగ్యం అంటే ఏమిటో చెప్పబోయి
ఆమె వాచిన మోకాలు చూసి ఊరుకున్నాను.

చింతరేవుల. సిరొంచ నుంచి జీపులో గంట.
ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండి.
చచ్చిపోయాక ఏ భాషో
ఆఫీసులో గుమాస్తా చెబుతాడు.

ఆశా కార్యకర్త రాజుబాయి ముందు నడుస్తోంది,
తెగిన చెప్పుకి పిన్నీసు.
తలుపుల మీద పోలియో చుక్కలనాటి సుద్ద గీతలు
వానకి సగం కరిగాయి.

మొదటి ఏడాది కుంభారే మేడమ్ బోర్డు మీద
అడ్డంగా ఒక గీత గీసింది.
పైన జబ్బు పడ్డవాళ్లు,
కింద, పడే అవకాశమున్న వాళ్లంతా.
మరాఠీలో కింది అంకెను ఛేదం అంటారు, అంటే కోత.
మంచిర్యాల మామయ్య పాత లెక్కల పుస్తకంలో
దాన్నే హారం అని చూశాను.
అదే గీత కింద
ఒక భాషలో గాటు, ఒక భాషలో దండ.
ఆ రోజంతా క్లాసులో నాకు మరేం ఎక్కలేదు.

పదిహేడో ఇల్లు ఓదెలుది.
వాకిట్లో కూర్చుని నీలం వల కుడుతున్నాడు.
పద్నాలుగో ప్రశ్న చదివాను:
గడిచిన పన్నెండు నెలల్లో
ఈ ఇంట్లో ఎవరైనా చనిపోయారా?
"ఈడ కాదు" అన్నాడు.
ఎక్కడ?
సూదిమొన గోదారి వైపు చూపించాడు.

చలిజ్వరం. మూడో రోజుకి మాట పడిపోయింది.
మన దవాఖానలో రక్తం చూసేటాయన సెలవు.
ఆటోలో వంతెన దాటించారు,
ఆ ఒడ్డు ఆసుపత్రి మెట్ల మీద
బాయక్క ఇక లేవలేదు.

అక్కడి పుస్తకంలో: వేరే రాష్ట్రం, మన లెక్క కాదు.
ఇక్కడి పుస్తకంలో: ఈ ఊళ్లో మరణాలు సున్న.
ఇంటింటి జాబితాలో మాత్రం ఆమె బతికే ఉంది,
వయసు ముప్పై నాలుగు,
దోమతెర ముట్టినట్టు వేలిముద్ర.

అప్పుడు చూశాను ఆ నీలం వలని.
అంచున ఇంకా సర్కారు చీటీ.
ఇరవై ఒకటో ప్రశ్న: తెరను దేనికి వాడుతున్నారు?
నేను అడగలేదు. తనే చెప్పాడు.
"ఆమె ఉన్నన్నాళ్లు మంచానికే కట్టినం.
ఇప్పుడు చిన్న చాపలకు."
ఇతరములు, అని ఉన్న గడిలో
టిక్కు పెట్టడానికి
నా పెన్ను ఆగి ఆగి కదిలింది.

ఇంటి వెనక డ్రమ్ములో గరిటె ముంచాను.
పదకొండు. తిరగేసి చల్లేశాను.
రాజుబాయి గోడకి ఆనుకుని గోళ్లు చూసుకుంటోంది.
"మలేరియా అని నేను రాస్తే
మీటింగుల నన్నే లేపి నిలబెడతరు, బిడ్డా.
నా ఊళ్లెట్లయింది అంటరు."
కాసేపటికి:
"నువ్వు రాయి. నా పేరు పెట్టకు."

సాయంత్రం జీపు వంతెన దగ్గరికి వచ్చాక
ఫోనులో రెండు గీతల సిగ్నల్.
మేడమ్, ఒక మరణం దొరికింది,
రిజిస్టరులో లేదు, ఇంటివాళ్ల నోటి మాటే ఆధారం.
"రాయి. ఆధారం అదే అని కూడా రాయి."
మరి ఆమెను పైన కలిపితే
కింద నాలుగు వందల పన్నెండులోంచి తీసెయ్యాలా?
"ఎప్పుడు పోయింది?"
శ్రావణంలో.
"ఏడాది నడిమికి ఉన్నట్టేగా. కిందా ఉండనీ."

కుదుపులకి గీత వంకరగా వచ్చింది.
పైన ఒకటి.
కింద నాలుగు వందల పన్నెండు మంది,
వాళ్లలో ఓదెలు, రాజుబాయి,
మోకాలు వాచిన అవ్వ,
బాయక్క.

వచ్చే వారం మళ్లీ వస్తాను.
అవ్వకి నొప్పుల తైలం ఒకటి కొనాలి.
అది సిలబస్‌లో లేదు.