గాలికి చోటు

జంస్కార్‌లో ఇంకా తెల్లవారలేదు.
పచ్చి గంగయినా ముట్టకుండా వచ్చాడు స్కర్మా.
మూడు వేళ్లు మణికట్టుకు ఆనించి
కళ్లు మూసుకుంది అమ్చి యాంగ్‌స్కిత్.

ఎముకల్లో మట్టి గట్టిగానే ఉంది.
నీరూ దారి తప్పలేదు.
కడుపులో పొయ్యి కాస్త మందగించింది, అంతే.

"గాలికే ఇల్లు లేదు నీలో.
ఏం అమ్మేశావు?"

కంచరగాడిదల్ని. ఏడింటిని.
రోడ్డు పడ్డాక మూటలన్నీ లారీలెక్కాయి.
మెడగంటలు మాత్రం ఇవ్వలేదట,
గోనెలో దాచాడట.

జాజికాయ పొడి, ఎముకల పులుసు,
రాత్రిళ్లు అరికాళ్లకు గోరువెచ్చని పాత వెన్న.
పొట్లం కడుతున్న చెయ్యి ఆగింది.
"ఆ గంటలు దూలానికి కట్టు.
వచ్చిన గాలి ఎక్కడ కూర్చుంటుంది మరి?"

డబ్బుకు బదులు
గంపెడు పిడకలు దించి వెళ్లాడు.

ఆకాశం ఊసు ఇద్దరూ ఎత్తలేదు.
బయట బోలెడంత ఉంది.