ఊపిరి బిగబట్టండి

నైట్ డ్యూటీ దిగి, సీసపు కోటు కొక్కేనికి తగిలించి
బీరంగూడ కమాన్ దాటి స్కూటీ మీద వచ్చేస్తాను.
అమీన్‌పూర్ చెరువు అప్పటికింకా నిద్రమొహంతో ఉంటుంది.
ఫాల్గుణం.
మొన్న నీళ్ళున్న చోట ఇవాళ పగుళ్ళ మట్టి,
మట్టిలో గుల్లలు ఏరుకుంటూ
ముక్కు సరిగ్గా మూతపడని నత్తగుల్ల కొంగలు.

కెమెరా కోఠీలో కొన్న పాతది.
"లెన్సుల జరంత బూజున్నది మేడమ్, కనిపియ్యదు" అన్నాడు అమ్మినతను.
కనిపిస్తుంది.
ప్రతి ఫోటోలో కుడి మూల పొగలాంటి మరక.
ఛాతీ ఫిల్ములో అలాంటిది కనిపిస్తే
నేనేమీ మాట్లాడను, డాక్టరుగారు చెప్తారంటాను.
ఇక్కడ మాత్రం మంచు అనుకుంటాను.

జమ్ములోంచి నీలం జంబుకోడి వచ్చింది,
పొడుగు వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి పెడుతూ,
కొత్త చెప్పులు తడవకూడదన్నట్టు.
తీశాను. తల రాలేదు.

గట్టుకవతల మోకాలెత్తు ఎండుగడ్డి.
గడ్డిలో వెంచరు వాళ్ళు పాతిన తెల్లరాళ్ళు.
నూటపద్నాలుగు మీద నల్లంచి తోక ఎగరేస్తోంది.
నూటపదిహేను మీద పసిరిక, నోట్లో తూనీగ.
నూటపదారు ఒరిగిపోయింది,
దాని మీద తొండ ఎర్రగడ్డం ఊపుతూ
ప్లాటు తనదే అంటోంది.

"గా రాయి దిక్కు పోకు బిడ్డా, తీతువు మీదికొస్తది"
బర్రెల వెనక నుంచి ఈదమ్మ.
"అది కూస్తె ఇంట్ల ఎవలో పోతరంటరు.
నలబై ఏండ్ల సంది ఇంటున్న.
పోయేటోళ్ళు పోతనే ఉన్నరు, అది కూస్తనే ఉన్నది.
దాని బాధ దానిది."

అనుకున్నంతలో లేచింది.
నెత్తిన నల్లటోపీ, ముక్కు పక్కన పసుప్పచ్చ తిత్తులు.
అరిచింది, ఉరికింది, ఆగింది,
ఎడమ రెక్క నేలకు జారవిడిచి
ఈడ్చుకుంటూ పోసాగింది.

పన్నెండేళ్ళుగా విరిగిన ఎముకలు చూస్తున్నదాన్ని.
బైకు మీంచి పడ్డ మణికట్లు,
మెట్ల మీద జారానని చెప్పే ఆడవాళ్ళ ముంజేతులు.
విరిగిన రెక్క అలా వంగదు.
విరిగినది వెనక్కి తిరిగి చూడదు
నేను వెంట వస్తున్నానో లేదోనని.

అయినా నాలుగడుగులు వెళ్ళాను.
అంత కష్టపడి ఆడుతుంటే
వెళ్ళకపోవడం మర్యాద కాదు.

ఈదమ్మ కర్ర చివరతో చూపించింది,
ఇందాక నేను నిలబడ్డ చోటికి జానెడు దూరంలో
బర్రె గిట్ట గుంట,
గుంటలో నాలుగు గుడ్లు, మట్టికే మచ్చలు వచ్చినట్టు.
కెమెరా ఎత్తి అలవాటుగా అనేశాను:
ఊపిరి తీసుకోండి. బిగబట్టండి. కదలొద్దు.
ఇంత బుద్ధిగా మాట విన్నవాళ్ళను నేనెరుగను.

నొక్కలేదు. ఎండ ఎక్కుతోంది.
దూరం జరిగి గడ్డిలో కూర్చున్నాను.
తీతువు చెరువు దాకా పోయి
పొట్ట తడుపుకొని పరుగున వచ్చి
ఆ తడి గుడ్ల మీద పరిచి కూర్చుంది.
అప్పుడు తీశాను. మసక. మూల మంచు.
ఈదమ్మ తెరలోకి తొంగిచూసి
"ఏదీ? గడ్డే గద ఇది" అంది.

అప్పుడొచ్చారు ఇద్దరు కుర్రాళ్ళు,
ఒకడి భుజాన గడ్డపార, ఇంకొకడి చేతిలో టేపు.
నూటపదారు నిలబెట్టాలట.
"ఏం ఫోటో మేడమ్?"

"గడ్డి" అన్నాను.
తర్వాత ఏమనిపించిందో, లేచి బట్టలు దులుపుకొని
"అటు నీళ్ళ దగ్గర రాజహంసలు దిగాయట, చూశారా?
గులాబీ రంగువి" అంటూ
నొప్పిలేని కాలు కాస్త ఈడుస్తూ
చెరువు వైపు నడిచాను.

ఈరోజుకి. రేపు మళ్ళీ వస్తారు,
రేపు నాకు పగటి డ్యూటీ.
వెనక ఈదమ్మ బర్రెల్ని అదిలిస్తోంది,
నవ్వుతోందో దగ్గుతోందో తెలియలేదు.

ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను.
టేపు చుట్టుకుంటూ వస్తున్నారు.