బెళుగుప్ప వానలెక్క

పదిహేను లక్షల కిలోమీటర్ల అవతలి నుంచి
సెకనుకో అంకె దిగుతుంది నా కంప్యూటర్లోకి.
సూర్యుడు ఊదిన గాలి. ప్లాస్మా.
చేతికి తగలనంత పలచన,
అయినా సుడి తిరగడం మానదు.

పెద్ద సుడి చిన్నదానికి, అది ఇంకా చిన్నదానికి
శక్తిని పంచుకుంటూ పోతాయని చదువుకున్నా.
సమంగా పంచుకుంటాయనే అనుకున్నా.
గంటల తరబడి గీత పడుకునే ఉంటుంది.
ఉన్నట్టుండి అరనిమిషం,
కాగితమంత సందులో
రోజంతటి కాక.
తప్పుడు చుక్కలని చెరిపేయబోయినా.

ఆదివారం బెళుగుప్పకు పోతే
మండలాఫీసు వెనక వానకొలత చూసే
తిప్పేరుద్ర చిన్నాయన పద్దు తెరిచినాడు.
సున్న, సున్న, సున్న,
వేలు జారుకుంటా పోయి ఆగింది:
ఒక్క రాత్రి తొంభై నాలుగు.
మళ్లా సున్న.

"సగటు బాగుందంటారు అనంతపురంలో.
చెనిక్కాయ చెట్టు సగటు తాగి బతుకుతాదా పాపా?"

ఆ తొంభై నాలుగు పక్కన
పెన్సిలుతో, సర్కారు లెక్కకు సంబంధం లేకుండా,
రెండే మాటలు: కుప్ప తడిసె.

తిరిగొచ్చి చుక్కల్ని చెరపలేదు.
ఒక్కోదాని పక్కన గంట, నిమిషం రాసినా.
అక్కడ ఏం తడిసిందో
ఇంకా తెలీదు.